వాడుకలో లేదు

“నువ్వు ఊరికే చూస్తూ ఉండు, చాలు. దేన్నీ ముట్టుకోకు” అన్నారు ఆయన షూ లేసు కట్టుకుంటూ.

నేను వాషింగ్ మెషీన్లోంచి తడిబట్టలు తీసి బుట్టలో వేస్తున్నాను. ఆయన చొక్కాలు, చిట్టి యూనిఫాం, అత్తయ్య దుప్పటి, మరిది జీన్సు. ఆయన చెప్పింది ఆ బట్టల గురించి కాదు. నా వెనక ఇనుప అరలో సన్నగా రొద పెడుతున్న నల్లపెట్టె గురించి. అది మా సర్వరు. ఏదో పెద్ద యంత్రం అనుకునేరు, టేబుల్ మీద పెట్టుకునే కంప్యూటర్ కంటే కాస్త లావు, అంతే. వంటింటి వెనక గదిలో ఒక పక్క ఇస్త్రీ బల్ల, చీపుర్లు, పాత సూట్‌కేసులు. ఇంకో పక్క అది. మా ఇంటి తిండి దాని మీదే నడుస్తుంది. ఊళ్ళో ఒక డయాలసిస్ సెంటరు కూడా.

కిడ్నీలు పనిచెయ్యని వాళ్ళు వారానికి మూడుసార్లు అక్కడికి వచ్చి రక్తం శుభ్రం చేయించుకుంటారు. ఎవరు ఏ రోజు రావాలి, ఏ మంచం, ఒంట్లోంచి ఎంత నీరు తియ్యాలి, తీశాక ఎంత బరువు తూగాలి, ఎవరికి ఏ మందు పడదు, ఇదంతా ఒక ప్రోగ్రాంలో ఉంటుంది. ఆ ప్రోగ్రాం రాసింది నేను. చిట్టి కడుపులో ఉన్నప్పుడు డాక్టరు మంచం దిగొద్దన్నారు. ఉద్యోగం మానేశాను. “పడుకునే చెయ్యొచ్చుగా, ఖాళీగా ఉంటే నీకే తోచదు” అన్నారాయన. పొట్ట మీద దిండు, దిండు మీద లాప్‌టాప్ పెట్టుకుని రాశాను. ప్రోగ్రామూ చిట్టీ ఇంచుమించు ఒకే వారంలో బయటికొచ్చారు. పిల్లని అందరూ ఎత్తుకున్నారు. ప్రోగ్రాంని ఆయన ఎత్తుకుని కంపెనీ పెట్టారు. ఇస్త్రీ చొక్కా వేసుకుని మీటింగులకి వెళ్ళేది ఆయన. “మా ఆవిడ కూడా కాస్త సాయం చేస్తుంది” అని నవ్వుతూ చెప్పేదీ ఆయనే. ఆ “కాస్త” అన్నప్పుడు బొటనవేలూ చూపుడువేలూ దగ్గరికి తెచ్చి, చిటికెడు ఉప్పు చూపించినట్టు చూపిస్తారు.

ప్రోగ్రాం మొత్తాన్ని ఒకటే ముద్దగా పెడితే ఒకచోట చెడితే అంతా చెడుతుంది. అందుకని ముక్కలుగా విడగొట్టి, ఒక్కోదాన్ని ఒక్కో కంటైనర్లో పెడతాం. నర్సులకి కనిపించే స్క్రీన్లు ఒకదాంట్లో, పేషెంట్లకి వెళ్ళే మెసేజీలు ఒకదాంట్లో, రోజూ అన్నిటికీ నకలు తీసేది ఒకదాంట్లో. వివరాలన్నీ దాచే డేటాబేసు ఇంకోదాంట్లో. వీటన్నిటినీ ఒక్కచోట చూడటానికి అదే మెషీన్లో ఒక వెబ్ పేజీ పెట్టాను, పానెల్ అంటాం. ఫోన్లో కూడా తెరుచుకుంటుంది. నడుస్తున్నవి ఆకుపచ్చగా, ఆగిపోయినవి ఎర్రగా కనిపిస్తాయి. పక్కన బొత్తాలుంటాయి. మొదలుపెట్టు, ఆపు, మళ్ళీ మొదలుపెట్టు, తీసెయ్. చిట్టి వాటిని “అమ్మ డబ్బాలు” అంటుంది. పొయ్యి మీద కూర కలుపుతూ ఒక కన్ను కూర మీద, ఒక కన్ను డబ్బాల మీద వేసి ఇన్నేళ్ళూ నెట్టుకొచ్చాను.

కిందటివారం నా బొత్తాలు తీసేశారు.

పెట్టుబడి పెట్టేవాళ్ళు చూడటానికి వస్తున్నారని, మరిది ఉద్యోగం మానేసి మా కంపెనీలో చేరాడు. చేరిన రోజే టెక్నికల్ హెడ్ అయ్యాడు. మంచివాడే, నన్ను “వదినా” అని నోరారా పిలుస్తాడు. నోరారా పిలుస్తూనే చెప్పాడు, “ఇద్దరు అడ్మిన్లు ఉండటం సెక్యూరిటీకి మంచిది కాదు వదినా, ఒక్కళ్ళే ఉండాలి” అని. ఆ ఒక్కళ్ళు ఎవరో అడగాల్సిన పని లేకుండా ఆయన అందుకున్నారు. “వాళ్ళు అడుగుతారు, సర్వర్లు ఎవరు చూస్తారని. ఇంట్లో ఆవిడ చూస్తుంది అంటే ఏం బాగుంటుంది చెప్పు?” మర్నాడు పొద్దున నేను పానెల్ తెరిస్తే అన్నీ కనిపించాయి. బొత్తాలు మాత్రం బూడిదరంగులోకి మారిపోయాయి. వేలు పెట్టి నొక్కాను. నొక్కినట్టు కూడా లేదు. నా పేరు పక్కన “వ్యూయర్” అని ఉంది.

నేనెందుకు ఊరుకున్నాను? గొడవ పెట్టుకోవాల్సింది కదా అని మీరంటారు. గొడవ పెట్టుకోవాలంటే ఏదో ఒకటి హఠాత్తుగా జరిగినట్టుండాలి. నాకు అలా అనిపించలేదు. ఈ ఇంట్లో అన్నీ నాకు కనిపిస్తాయి. బాంకు మెసేజీ ఆయన ఫోనుకి వస్తుంది, నాకు చూపిస్తారు. కొత్త సోఫా రంగు ఆయనా, అత్తయ్యా, మరిదీ కలిసి నిర్ణయిస్తారు, వచ్చాక నాకు చూపిస్తారు. చిట్టిని ఏ బడిలో వెయ్యాలో ఫీజు కట్టేసి వచ్చాక రసీదు చూపించారు. చూడటంలో నాకు ఎవ్వరూ లోటు చెయ్యలేదు. అందుకే ఆ బూడిదరంగు బొత్తాలు చూసి, ఓహో, ఇక్కడికి కూడా వచ్చిందన్నమాట అనుకుని, చిట్టికి జడ వెయ్యడానికి లేచిపోయాను.

నకలు తీసే కంటైనరు ఆగిపోయి ఉందని రెండుసార్లు చెప్పాను. “డెమో స్పీడుగా రావాలని ఆపాను వదినా, అయ్యాక మళ్ళీ పెడతా” అన్నాడు మరిది. ఆయన “వాడికి తెలుసులే” అన్నారు.

ఇవాళ ఆ డెమో. అన్నదమ్ములిద్దరూ ఒకే సెంటు కొట్టుకుని వెళ్ళారు. చిట్టి బడికెళ్ళింది. హాల్లో అత్తయ్య టీవీలో సీరియల్ పెట్టుకుని కూర్చున్నారు. నేను బట్టలు ఆరేసి వచ్చి ఫోను చూశాను.

డేటాబేసు ఎర్రగా ఉంది. చూస్తుండగానే ఆకుపచ్చ అయింది. మళ్ళీ ఎరుపు. లేవడం, పడిపోవడం. దాని పేరు చివర ఉన్న అంకె చూస్తే అర్థమైంది, మరిది కొత్త వెర్షన్ పెట్టాడు. పాత వెర్షన్ దాచిన వివరాల్ని కొత్తది అలా తిన్నగా చదవలేదు. పాతది మళ్ళీ పెడితే సరిపోతుంది. రెండు బొత్తాల పని. నా వేలు అప్పటికే ఆ బూడిదరంగు మీద ఉంది.

మరిదికి ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్ళీ చేశాను. ఎత్తి, గుసగుసగా, “వదినా, మీటింగులో ఉన్నాం. నేను చూసుకుంటున్నా కదా.”

“నువ్వు పాత వెర్షన్ పెట్టు. వేరే ఏమీ చెయ్యకు. వివరాలున్న ఆ వాల్యూం జోలికి...”

“వదినా, ప్లీజ్” అని పెట్టేశాడు.

ఆయనకి చేస్తే కట్ చేసి మెసేజ్ పెట్టారు. “ఇప్పుడు కాదు.”

అంతలో నా చేతిలోనే ఫోన్ మోగింది. సెంటర్నుంచి హెడ్ సిస్టర్. సపోర్ట్ నంబరని ఆయన వాళ్ళకిచ్చింది నా నంబరే. కాని ఎత్తగానే నేనేం అనాలో కూడా ఆయనే నేర్పారు. “ఒక్క నిమిషం అండీ, మా కుర్రాళ్ళకి చెప్తాను.” ఆఫీసు నిండా కుర్రాళ్ళున్నట్టు ఉండాలి కదా. అలా చెప్పి, ఫోను పెట్టేసి, నాకు నేనే చెప్పుకుని, నేనే సరిచేసి, మళ్ళీ ఫోన్ చేసి “కుర్రాళ్ళు చూశారండీ” అనేదాన్ని. సిస్టర్ “మీ కుర్రాళ్ళు బంగారమమ్మా” అనేవారు. ఆ బంగారాన్ని తలుచుకుని ఒక్కోసారి నాలో నేనే నవ్వుకునేదాన్ని.

“ఏమ్మా, స్క్రీను రావట్లేదు. రెండో బాచ్ వాళ్ళు వచ్చి కూర్చున్నారు” అన్నారు సిస్టర్.

“చెప్తానండీ. కాసేపు కాగితం మీద రాసుకోండి.”

ఫోన్ పెట్టి చూసేసరికి డేటాబేసు ఆకుపచ్చగా, నిలకడగా ఉంది. హమ్మయ్య అనుకున్నాను. ఒక్క క్షణమే. వరస పక్కన వాల్యూం పేరు చూశాను. కంటైనర్ పోయినా వివరాలు పోకుండా విడిగా దాచే చోటుని వాల్యూం అంటాం. ఇది ఆ వాల్యూం కాదు. దీని పేరు డెమో. చిట్టి వేసవి సెలవులప్పుడు ఆయన ఎవరికో చూపించడానికి నేను తీసిచ్చిన నకలు. మరిది అసలు డేటాబేసు కంటైనర్ని తీసేసి, ఈ పాత నకలుతో కొత్తది లేపాడు. స్క్రీన్లు వస్తాయి. పేర్లు అవే. మంచాలు అవే. కాని బరువులు, మందులు అన్నీ నెలల కిందటివి.

ఫోన్ మోగింది. “వచ్చేసిందమ్మా! మొదలుపెట్టేస్తున్నాం. మీ కుర్రాళ్ళకి థాంక్స్ చెప్పు.”

“సిస్టర్‌గారూ, ఆగండి. ఆ స్క్రీను నమ్మొద్దు. అందులో ఉన్నవి పాత లెక్కలు. అందరికీ బరువు మళ్ళీ చూసి, మీ కేసు షీట్లలో ఉన్నదే పెట్టండి.”

అటువైపు గొంతు మారింది. “అదేంటమ్మా? బాగానే కనిపిస్తోందిగా. అయినా అది నువ్వు చెప్తే ఎలా? కుర్రాళ్ళని పిలువు, వాళ్ళతో మాట్లాడతాను.”

నేర్చుకున్న మాట నోటిదాకా వచ్చేసింది. ఒక్క నిమిషం అండీ. ఇన్నేళ్ళు పలికిన మాట కదా, దానంతటదే వచ్చేస్తుంది. హాల్లో సీరియల్లో ఎవరో ఏడుస్తున్నారు. ఒక నిమిషమంటే అక్కడ ఒకరి ఒంట్లోంచి ఎంత నీరు పోతుందో నాకు తెలుసు. ఆ లెక్క కట్టే లైన్లు రాసింది నేనే.

“కుర్రాళ్ళు లేరండీ” అన్నాను. “ఎప్పుడూ లేరు. ఆ ప్రోగ్రాం రాసిందీ, నడిపేదీ నేనే. నా మాట వినండి. ఇప్పుడు ఎవరికైనా మొదలుపెట్టారా?”

“మూడో మంచం” అని, ఫోను కిందపెట్టకుండానే ఆవిడ పరిగెత్తిన చప్పుడు. దూరంగా “ఆపండి, ఆపండి, దాని టార్గెట్ చూడండి” అన్న కేక.

అప్పుడే ఫోన్ పైన మెసేజ్ వచ్చింది. మా ముగ్గురి గ్రూపులో మరిది. “ఆల్ గుడ్. స్పేస్ కోసం అన్‌యూజ్డ్ వాల్యూమ్స్ క్లీన్ చేసేస్తున్నా.” పక్కన బొటనవేలి బొమ్మ. దాని కింద ఆయన బొటనవేలు.

పానెల్లో వాల్యూముల పేజీ తెరిచాను. అసలు డేటాబేసు తీసేశాక దాని వాల్యూముకి ఏ కంటైనరూ తగిలించి లేదు. అందుకని పానెల్ దాని పేరు పక్కన ఒక చిన్న పసుప్పచ్చ చీటీ అంటించింది. అన్‌యూజ్డ్. వాడుకలో లేదు. ఆ సెంటర్లో మనుషుల ప్రతి బరువూ, ప్రతి మందూ, నేను రాయడం మొదలుపెట్టిన రోజునుంచి ఉన్నదంతా ఆ చీటీ కింద ఉంది. తాజా నకలు కూడా లేదు. అటువైపు మరిది వేలు ఏ బొత్తాం మీద ఉందో. వరసగా ఒక్కోటీ తుడుచుకుంటూ వస్తున్నాడేమో. నాకు అన్నీ కనిపిస్తున్నాయి.

ఫోను పక్కన పడేసి వెనక గదిలోకి పరిగెత్తాను. బట్టల బుట్ట కాలికి తగిలి పడింది. ఆ నల్లపెట్టె వెనక నీలం తీగ ఒకటి ఉంటుంది, ఇంటర్నెట్‌ది. దాని చిన్న నాలిక నొక్కి పట్టి లాగాను. పచ్చదీపం ఆరిపోయింది. పెట్టె మాత్రం రొద పెడుతూనే ఉంది. బయటినుంచి దాన్ని ముట్టుకునే దారి ఇక ఎవరికీ లేదు. నేను నేలమీద కూర్చున్నాను. లాగడం ఆలస్యమైందేమో. ఈపాటికే తుడిచేశాడేమో. తెలుసుకోవాలంటే పానెల్ పనికిరాదు. మెషీనుకే స్క్రీను తగిలించి చూడాలి.

ఇంట్లో స్క్రీను ఒక్కటే. హాల్లో టీవీ.

పెట్టెని ఆపి, రెండు చేతులా ఎత్తుకుని హాల్లోకి వచ్చాను. అత్తయ్య కాళ్ళు ముడుచుకుని దారిచ్చారు. “ఏమిటమ్మాయ్ ఇది?”

“అత్తయ్యా, టీవీ కావాలి.”

“ఇప్పుడా? వాడు ఇప్పుడే నిజం చెప్పబోతున్నాడు...”

“ఇప్పుడే కావాలి.”

నా గొంతు నాకే కొత్తగా ఉంది. ఆవిడ నా మొహం చూసి రిమోట్ నా చేతికిచ్చారు. పెట్టెకి కరెంటు ఇచ్చి, టీవీ వెనక తీగ తగిలించి, చిట్టి బొమ్మల సొరుగులో పడున్న పాత కీబోర్డు తెచ్చి నేలమీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను. సీరియల్ పోయి గోడంత నలుపు వచ్చింది. దానిమీద తెల్ల అక్షరాలు పాకాయి. మెషీను నా పేరు అడిగింది, పాస్‌వర్డ్ అడిగింది. అన్నదమ్ములిద్దరూ నాకు పానెల్ తలుపు మూసేశారు కాని, పానెల్ కింద ఒక మెషీను ఉంటుందనీ, దానికో తాళం ఉంటుందనీ వాళ్ళకి తట్టలేదు. దాన్ని మొదటిసారి వెలిగించింది నేను. తాళం నా దగ్గరే ఉంది.

వాల్యూముల పేర్లు అడిగాను. వరస వచ్చింది. ఒకటి లేదు. ఇంకొకటి లేదు. అవి పోతే పోనీ, పనికిరానివే. కిందికి, ఇంకా కిందికి. ఉంది. చివరినుంచి రెండోది. దానిదాకా వచ్చి ఆగిపోయాడు.

నా నోట్లోంచి ఏదో శబ్దం వచ్చింది. అత్తయ్య “ఏమైంది?” అని లేచారు. “ఏం లేదు, ఉంది” అన్నాను. ఆవిడకి ఏం అర్థమైందో తెలీదు, మళ్ళీ కూర్చుని “ఉంటే మంచిదేగా” అన్నారు.

డెమోతో లేపినదాన్ని తీసేశాను. పాత వెర్షన్ని అసలు వాల్యూముతో కలిపి లేపాను. అక్షరాలు ఒక్కో వరసా నింపాదిగా వస్తుంటే చదువుతున్నాను. వెనకనుంచి ఆవిడ కూడా చూస్తున్నారని తెలుస్తోంది. “కూర్చుని చేసే పనికి అలసటేమిటమ్మా” అని ఎన్నిసార్లన్నారో. మా పెళ్ళయిన కొత్తలో ఇంటికొచ్చినవాళ్ళతో “కోడలు కంప్యూటర్ ఆడుకుంటుంది” అని చెప్పేవారు. వంటింట్లోంచి మాడు వాసన వచ్చింది. నేను లేవబోయాను. “నువ్వు కదలకు” అని ఆవిడే వెళ్ళి పొయ్యి కట్టేసి వచ్చారు. వచ్చి, సోఫాలో కాకుండా నా పక్కన నేలమీద, మోకాలు పట్టుకుని మెల్లగా కూర్చున్నారు.

“ఇవన్నీ చదవగలవా నువ్వు?”

“కొన్ని నేను రాసినవే.”

“ఎప్పుడు రాశావు? నువ్వు ఎప్పుడూ వంటింట్లోనే ఉంటావుగా.”

ఆ ప్రశ్నకి జవాబు చెప్పే లోపు చివరి వరస వచ్చింది. సిద్ధం. అప్పుడు ఇంకో పని చేశాను. ఆ పానెల్ కూడా ఒక కంటైనరే. దాన్ని ఆపేశాను. ఇక ఎవరి దగ్గరా ఏ బొత్తామూ లేదు. పెట్టెని వెనక గదిలోకి తీసుకెళ్ళి, కరెంటు ఇచ్చి, నీలం తీగ గుచ్చాను.

ఫోను దగ్గరికి వచ్చేసరికి ఆయన కాల్ మోగుతోంది. “ఏంటిది? ఇక్కడ తెర మీద ఏమీ రావట్లేదు! వాళ్ళు మొహమొహాలు చూసుకున్నారు. నువ్వేమన్నా ముట్టుకున్నావా?”

“ముట్టుకున్నాను.”

జరిగింది చెప్పాను. మూడో మంచం గురించి కూడా చెప్పాను. అటువైపు మరిదితో ఏదో గొణుగుడు. తరవాత గొంతు తగ్గించి, “సరే, అయిందేదో అయింది. సెంటర్ వాళ్ళకి కరెంటు పోయిందని చెప్పు. కుర్రాళ్ళు చూస్తున్నారని చెప్పు. ఇంకేమీ చెప్పకు. వాడికి తెలియక చేశాడు, చిన్నవాడు. నువ్వు మధ్యలో తీగ పీకకపోతే డెమో అయినా దక్కేది.”

మూడో మంచం సంగతి ఆయన అడగలేదు. నేను ఆగి చూశాను, అడుగుతారేమోనని. అడగలేదు.

“నేను సెంటర్‌కి వెళ్తున్నాను” అన్నాను.

“ఎందుకు? అక్కడికి నేను వెళ్తాను కదా ఎప్పుడూ!”

“చిట్టి బడినుంచి వస్తే నేను చూస్తాలే, నువ్వెళ్ళు” అన్నారు అత్తయ్య వెనకనుంచి.

బస్సులో కిటికీ పక్కన కూర్చున్నా బయట ఏమీ కనపడలేదు. ఇన్నేళ్ళుగా ఆ సెంటర్ని నడుపుతున్నాను కాని, దాని గుమ్మం ఎలా ఉంటుందో నాకు తెలియదు. లోపల చల్లగా, మందుల వాసనతో, పొడుగాటి గది. వరసగా మంచాలు, పక్కన తిరుగుతున్న మెషీన్లు, వాటిలోకి పోయి వస్తున్న ఎర్రటి గొట్టాలు. తలుపు దగ్గర బరువు చూసే యంత్రం. కళ్ళద్దాలు తాడుకి వేలాడేసుకున్న లావుపాటావిడ ఎదురొచ్చి నన్ను పైనుంచి కిందికి చూశారు.

“కుర్రాళ్ళు నువ్వేనా?”

“నేనేనండీ.”

ఆవిడ నవ్వలేదు. నా చెయ్యి పట్టుకుని మూడో మంచం దగ్గరికి తీసుకెళ్ళారు. అక్కడ దుప్పటి కప్పుకుని ఒకావిడ పడుకుని ఉంది. బస్సు కండక్టరుగా చేసేదట. పాత లెక్కప్రకారం ఆవిడ ఒంట్లోంచి తియ్యాల్సినదానికంటే చాలా ఎక్కువ నీరు లాగెయ్యబోయారు. ఈ మధ్యే ఒళ్ళు తేరుకుని నిజంగా బరువు పెరిగింది. ఆ పెరిగిన బరువంతా నీరే అనుకుంది స్క్రీను.

“కాళ్ళు కొంకర్లు పోయాయి, కళ్ళు తిరిగాయి. అంతలో ఈవిడొచ్చి ఆపేసింది” అంది నెమ్మదిగా. నా వంక చూసి, “ఈ గొంతు నాకు తెలుసు. మెసేజీలు ఆగిపోయిన రోజున, రేపు మీ వంతు మర్చిపోకండి అని ఫోన్ చేసేది నువ్వేగా?” అంది. నేను తలూపాను. నాకు ఆవిడ ఇన్నాళ్ళూ ఒక వరస. ఆ వరస చెయ్యి చాపి నా మణికట్టు నొక్కి వదిలింది. చల్లటి చెయ్యి.

సాయంత్రం దాకా సిస్టరూ నేనూ ఒక్కొక్కరి కేసు షీటూ స్క్రీనూ పక్కపక్కన పెట్టుకుని సరిచూశాం. అన్నీ సరిపోయాయి. అప్పుడు సెంటర్ నడిపే పెద్ద డాక్టరుగారు వచ్చారు. జుట్టు నెరిసిన ఆవిడ. ఆవిడ ఫోన్లో స్పీకర్ మీద మా ఆయన మాట్లాడుతున్నారు.

“...డేటా సెంటర్‌లో కరెంటు సమస్య అండీ, మా టీం చూసేసింది.”

“ఒక్క నిమిషం” అన్నారు డాక్టరుగారు. నావైపు తిరిగి, “వేలిముద్ర వేస్తేగాని తలుపు తెరుచుకోని డేటా సెంటర్లో మా పేషెంట్ల వివరాలు ఉన్నాయని మీ సార్ చెప్పారు. నేను అడిగేది మిమ్మల్నమ్మా. ఆ మెషీన్ ఎక్కడుంటుంది?”

స్పీకర్లో ఆయన ఊపిరి వినిపిస్తోంది. ఆ ఊపిరిని నేను బాగా ఎరుగుదును. నేను సర్దుకుపోతానని ఎదురుచూసే ఊపిరి.

“మా వంటింటి వెనక గదిలో అండీ” అన్నాను. “వాషింగ్ మెషీన్ పక్కన.”

“ఆమెకి తెలియదండీ” అన్నారాయన గబగబా. “టెక్నికల్ విషయాలు ఆమెకి...”

“ఆమెకి తెలియకపోతే ఇంకెవరికి తెలుసు సార్?” అన్నారు సిస్టర్.

డాక్టరుగారు ఫోను కట్ చేశారు. కరెంటు పోయిందా అని అడిగితే పోలేదన్నాను. ఏం జరిగిందో మొదటినుంచీ చెప్పాను, తీగ పీకింది నేనే అని కూడా. ఆవిడ కళ్ళద్దాలు తుడిచి పెట్టుకున్నారు. “మెషీను ఇక్కడికి రావాలి. మా గదిలో, మా తాళం కింద. నకలు ఇంకోచోట. అదీ, దాన్ని మీరు చూసుకునేటట్టయితేనే. మీతోనే కాగితం రాసుకుంటాం, జీతంతో, మీ పేరు మీద. లేదంటే ఇంకో కంపెనీని వెతుక్కుంటాం. ఇంటికెళ్ళి ఆలోచించి చెప్పండి.”

“ఆలోచించాను” అన్నాను.

ఆ రాత్రి మరిది భోజనం గదిలోకి తీసుకెళ్ళి తిన్నాడు. పళ్ళెం పెట్టడానికి వచ్చి “సారీ వదినా” అని సింకు వైపు చూస్తూ అన్నాడు. ఆయన టీవీ చూస్తూ కూర్చున్నారు.

పొద్దున వెనక గదిలో మెషీన్ని ఆపాను. తీగలన్నీ ఊడదీసి, చుట్టలు చుట్టి సంచిలో వేశాను. పెట్టెని పాత దుప్పటిలో చుడుతుంటే ఆయన వచ్చి గుమ్మానికి ఆనుకున్నారు. నిద్ర పట్టినట్టు లేదు.

“ఎందుకింత రాద్ధాంతం? నిన్ను అడ్మిన్ చేసేస్తాను, సరేనా? వాడిని వ్యూయర్ చేస్తాను. ఇంకేం కావాలి?”

“అక్కర్లేదండీ. సెంటర్‌లో ఉద్యోగం ఒప్పుకున్నాను. ఇవాళే చేరుతున్నాను.”

“కంపెనీ మనది. మన పనిని వాళ్ళింట్లో పెట్టి నువ్వు వాళ్ళ దగ్గర జీతానికి చేస్తావా?”

“పేషెంట్ల వివరాలు వాళ్ళవి. ప్రోగ్రాం నేను రాసింది. మిగిలిన కంపెనీ మీ ఇద్దరూ చూసుకోండి. పొద్దున వెళ్తే సాయంత్రానికి వస్తాను. ఇక్కడి పని ఇకమీదట అందరం పంచుకోవాలి.”

“ఏ పని?” అన్నారాయన.

వెటకారం కాదు. మొహంలోకి చూశాను. నిజంగానే అడుగుతున్నారు. గది చుట్టూ చూశారు, ఇస్త్రీ బల్ల, బట్టల బుట్ట, చీపురు, అన్నిటి మీదుగా ఆయన చూపు జారిపోయింది. “ఇక్కడ ఏం పనుంది?” అన్నారు మళ్ళీ.

నేను పెట్టెని ఎత్తి చంకన పెట్టుకున్నాను. కింద సెంటర్ వాళ్ళ వ్యాను హారన్ కొట్టింది. హాల్లో చిట్టికి జడ వేస్తున్న అత్తయ్య దువ్వెన ఆపి, నాకు దారి వదలమన్నట్టు కొడుకు వైపు చెయ్యూపారు. నేను ఆయన్ని దాటి తలుపు దగ్గరికి నడిచాను.

“ఇలా వచ్చి కూర్చోరా, నేను చెప్తాను” అన్నారు నా వెనక అత్తయ్య. “ఇవాళ ఎక్కడికైనా వెళ్ళాల్సుంటే ఆలస్యమవుతుందని ఫోన్ చేసి చెప్పెయ్. చాలాసేపు పడుతుంది.”